రెండూ నాలుగూ అత్తయ్యవి

మా మేనత్త పోయారు. తాడేపల్లిగూడెంలో, పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతూ గుమ్మం దగ్గర కూలబడిపోయారట. డాక్టరు వచ్చేసరికే అంతా అయిపోయింది. నేను వట్లూరులో మా కాలేజీ ల్యాబులో ఉండగా బావ ఫోను చేశాడు. తణుకులో ఉద్యోగం చేసే బావ ఆవిడకి ఒక్కడే కొడుకు. "ఒసేయ్, అమ్మ..." అని ఆగిపోయాడు. నేను మొద్దులాగా "ఏ ఆస్పత్రిలో చేర్చావు?" అన్నాను. వాడు ఏడ్చాడు. అప్పటి నుంచీ నేను ఒక చోట కూర్చోలేకపోతున్నాను. ఇది కూడా నాలుగు ముక్కలు రాసి, లేచి తిరిగి, మళ్ళీ వచ్చి రాస్తున్నాను. చదివే మీరు కాస్త ఓపిక పట్టాలి.

నడుస్తూ పోయారంటే మావాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు. కుండ కింద పెట్టే గడ్డి చుట్ట ఉంటుంది చూడండి, దాన్నే కదా కుదురు అంటాం. "దేవుడు దీన్ని పంపాడు గానీ కుదురు అక్కడే అట్టేపెట్టేసుకున్నాడు" అనేది మా నాయనమ్మ కూతుర్ని చూసి. అత్తయ్య అన్నం నిలబడి తినేవారు. పేపరు నడుస్తూ చదివేవారు. ఫోనులో మాట సగంలో ఉండగానే పెట్టేసేవారు. "ఉంటానత్తయ్యా" అని మర్యాదగా చెప్పి ఫోను పెట్టే అదృష్టం నాకు ఒక్కసారీ కలగలేదు. "ఉంటాను" లోపలే ఆవిడ ఉండేవారు కాదు.

అలాంటి మనిషిని కాసేపు నిలబెట్టేది ఒక్కటే, జాజ్ పాట. గూడెంలో జాజేంటండీ అని మీరు అడుగుతారు. ఊరంతా అడిగింది. మావయ్య ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగి. వాళ్ళ పక్క క్వార్టర్లో ఒక ఆంగ్లో ఇండియన్ ఆవిడ ఉండేవారట. శనివారం సాయంత్రాలు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో బ్యాండు ముందు నిలబడి పాడేవారట. వరి చేల మధ్య పుట్టి పెరిగి, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన మా అత్తయ్య ఆ గొంతు విని గంజి వార్చడం మరిచిపోయి అన్నం మాడ్చేశారట.

"తాళం ముందుకెళ్ళిపోతూ ఉంటుందే పిల్లా! ఆవిడేమో తీరిగ్గా, సంతకి వెళ్ళేదానిలా వెనకాల వస్తుంది. అందుకోదేమో అని మనకి గుండె గుబగుబలాడిపోతుంది. ఠక్కున అందుకుంటుంది! ఆ గుబగుబ కోసమే వినాలి" అనేవారు.

మావయ్య రిటైరయి గూడెం వచ్చేటప్పుడు అత్తయ్య ఇత్తడి సామాను సగం అక్కడే వదిలేసి రికార్డుల పెట్టె తెచ్చుకున్నారు. అందులోనూ స్టూడియోలో పాడినవి ఆవిడకి పట్టేవి కావు. "ఇస్త్రీ పాటలు" అని తీసిపారేసేవారు. జనం ముందు పాడినవే కావాలి. గ్లాసులు గలగలలాడాలి, ఎవరో నవ్వాలి, కుర్చీ కిర్రుమనాలి. ఒక రికార్డులో రెండో చరణం ముందు ఎవరో మగాయన దగ్గుతాడు. ఆ చోటు దగ్గరపడుతుంటే అత్తయ్య నా భుజం పట్టుకుని "వస్తున్నాడు, వస్తున్నాడు..." అనేవారు. దగ్గగానే "వచ్చేశాడు!" అని మురిసిపోయేవారు. "పాపం ఇంటికెళ్ళి మిరియాల కషాయం తాగాడో లేదో" అని ప్రతిసారీ అదే బెంగ. ఏ దేశంలో ఎవరో, ఎప్పుడు పోయాడో కూడా తెలియని మనిషి మా ఇంట్లో చుట్టమైపోయాడు.

కానీ ఒక్క పాటా చివరి దాకా విననిచ్చేవారు కాదు. ఆఖరి మాట ఇంకా సాగుతుండగానే ప్లేయరు ముల్లు ఎత్తేసేవారు. వేసవి సెలవులన్నీ నేను ఆ ఇంట్లోనే గడిపాను గదా, పాటలన్నీ వచ్చు, చివర్లు మాత్రం ఒక్కటీ రావు. ఒళ్ళు మండిపోయేది.

"ఒక్క నిమిషంలో అయిపోతుంది కదత్తయ్యా! ఉండనివ్వచ్చు కదా!"

"అవుతుందనే తీసేశానే."

చాలా ఏళ్ళు అడగ్గా ఒకరోజు చెప్పారు. పక్క క్వార్టరు ఆవిడ ఆస్ట్రేలియా వెళ్ళిపోయే ముందు ఇన్‌స్టిట్యూట్‌లో చివరిసారి పాడారట. అత్తయ్య కొస దాకా విన్నారు. చప్పట్లు కొట్టారు. అందరూ లేచి ఇళ్ళకి పోయారు. మర్నాడు పక్క క్వార్టరుకి తాళం కప్ప. "పాట అయిపోతే ఎవరి దారిన వాళ్ళు పోతారు. నేనే ముందు లేచిపోయాననుకో, నా మటుకు అది ఇంకా నడుస్తూనే ఉంటుంది" అన్నారు. ఇదేం తర్కం అనుకున్నాను అప్పుడు.

ఆవిడ గాజుల సంగతి కూడా చెప్పాలి. కుడి చేతికి రెండు మట్టిగాజులు. పాట వింటూ వాటిని బల్ల అంచుకి తాటించేవారు. నాకు సంగీతం మాస్టారు నేర్పిన అలవాటు కొద్దీ నేను నాలుగు లెక్కపెడుతూ ఒకటి దగ్గర దెబ్బ వేస్తే మణికట్టు పట్టుకుని ఆపేసేవారు. "ఒకటీ మూడూ భజనకే. దీనికి రెండూ నాలుగూ!" మావయ్య పోయిన పదో రోజున ఊళ్ళో పెద్దావిడలు నలుగురొచ్చి గాజులు తియ్యాలన్నారు. అత్తయ్య చెయ్యి చీరకొంగులో దాచుకుని, ఎంతో మర్యాదగా, "తీసేస్తే మరి నేను తాళం దేంతో వెయ్యనండీ?" అని అడిగారు. మా నాన్న, పదో రోజున, ఆ ఇంట్లో, ఫక్కున నవ్వేశారు. గాజులు చేతికే ఉండిపోయాయి.

ఏలూరులో ఒక కాఫీ షాపులో ఆదివారం సాయంత్రాలు నేను జాజ్ పాడతానని చెబితే మా స్టాఫ్ రూములో ఇప్పటికీ సగం మంది నమ్మరు. కీబోర్డు వాయించేది ఒక స్కూలు టీచరు. పొద్దున చర్చిలో వాయించి, సాయంత్రం మాకు వాయిస్తాడు. డ్రమ్స్ అతను పెళ్ళిళ్ళ బ్యాండు నుంచి వచ్చాడు. వినేవాళ్ళు ఎక్కువగా కాఫీ కోసం వచ్చినవాళ్ళే. అత్తయ్య గూడెంలో పాసింజరెక్కి వచ్చి, తలుపు దగ్గర టేబులు చూసుకుని కూర్చునేవారు. అంటే రెండు పాటలకోసారి లేస్తూ కూర్చునేవారు. వెయిటరు "ఏం కావాలండీ మామ్మగారూ" అని పరిగెత్తుకుని వస్తే, "నాకేం వద్దు బాబూ, నా కాళ్ళకి కావాలి" అనేవారు.

ఒకసారి కలిదిండి దగ్గర రొయ్యల చెరువుల ఆసామి గృహప్రవేశానికి మమ్మల్ని పిలిచారు. కొల్లేరు గాలి, చెరువు గట్టు మీద షామియానా. చెరువులో ఏరేటర్ల చక్రాలు నీళ్ళని దబదబ కొడుతున్నాయి. కీబోర్డు అతను తల పట్టుకున్నాడు. "కాసేపు అవి ఆపించండి సార్" అన్నాడు.

"ఆపితే గాలాడక రొయ్యలు చచ్చిపోతాయండీ!" అన్నాడు ఆసామి కంగారుగా.

మాతో వచ్చిన అత్తయ్య గట్టు మీద పచార్లు చేస్తున్నవారల్లా ఆగారు. "ఆపితే రొయ్యలు చస్తాయి. ఆపకపోతే మీ పాటేం చావదు కదా? దాని మీదే పాడండి" అన్నారు. ఏరేటరు చప్పుడు వింటూ గాజులు తాటించి లయ చూపించారు. నేను దాని వెనకాలే అందుకున్నాను. ఆ రోజు పాడినంత హాయిగా నేను ఇంకెప్పుడూ పాడలేదు. ఏ చప్పుడొచ్చినా పాటలోకి పిలవొచ్చని నాకు నేర్పింది ఆవిడే. నా గొంతులో ఏదైనా ఉందంటే ఆవిడ పెట్టిన భిక్షే.

చివరిసారి ఆవిడని చూసింది కాఫీ షాపులోనే. ఆ సాయంత్రం మొత్తం కీబోర్డు అతను తన ఫోను అత్తయ్య టేబులు మీద పెట్టి రికార్డు చేశాడు. నేను ఆఖరి పాటలో ఉండగా, అలవాటు ప్రకారం, ఆవిడ లేచి వెళ్ళిపోవడం చూశాను. చప్పట్లయ్యాక బయటికి పరిగెత్తాను. అప్పటికే ఆటో ఎక్కేశారు. "కనీసం వెళ్ళొస్తానని చెప్పచ్చు కదా ఈవిడ" అని రోడ్డు మీద నిలబడి విసుక్కున్నాను. తర్వాతి వారమే బావ ఫోను వచ్చింది.

దినకార్యాలు జరుగుతుంటే ఇంట్లో అందరూ "కూర్చోమ్మా, కూర్చోమ్మా" అంటున్నారు. నా వల్ల కాలేదు. ఫొటోలు బోలెడున్నాయి. గొంతు ఒక్కటీ లేదు. ఫోను సగంలో పెట్టేసే మనిషి వాయిస్ మెసేజీ పెడతారా? ఏలూరు తిరిగొచ్చాక ఆ రికార్డింగు గుర్తొచ్చింది. అందులో ఆవిడ ఉంటారు. ఒక్క "ఊఁ" అయినా ఉంటుంది. కీబోర్డు అబ్బాయికి ఫోను చేస్తే వెంటనే పంపించాడు.

"విన్నారా అక్కా? నాయిస్ అంతా తీసేశాను. కుర్చీలు, కప్పులు, దగ్గులు, ఏమీ లేవు. మీ గొంతు అద్దంలా ఉంది."

నిజంగానే అద్దంలా ఉంది. అందులో నేను తప్ప ఎవరూ లేరు.

"ఆ నాయిస్ మా అత్తయ్యయ్యా!" అని అరిచేశాను. "అసలుది ఉందా?"

"దాని మీదే సేవ్ చేసేశానక్కా" అన్నాడు.

స్కూటరు తీసి కాలవ గట్టు పక్కనున్న వాళ్ళింటికి ఎలా వెళ్ళానో నాకు తెలియదు. అతను అప్పటికే లాప్‌టాప్ ముందు చెమటలు కక్కుతున్నాడు. నేను ఆ చిన్న గదిలో గోడ నుంచి గోడకి తిరుగుతున్నాను. వాళ్ళావిడ మజ్జిగ తెచ్చి, నా మొహం చూసి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఒక మనిషి రెండోసారి పోవడం అంటే ఇదేనా అనిపించింది.

"ఆగండక్కా" అన్నాడు ఉన్నట్టుండి. "ఏం తీసేసిందో మనం చూసుకోవడానికని, తీసేసింది కూడా వేరే ఫైలుగా పెడుతుంది ఈ సాఫ్ట్‌వేర్. అది నేను పారెయ్యలేదు! రెండూ కలిపేస్తే మళ్ళీ పాట మామూలుగా వచ్చేస్తుంది."

"కలపకు. ముందు ఇది విననీ, ఆఖరి పాట దగ్గర నుంచి" అన్నాను.

మొదట ఫ్రిజ్జు మోతలాంటి హోరు. రోడ్డు మీద చేపల లారీ హారను. కప్పులు. నా పాట లేదు, కీబోర్డు లేదు. తర్వాత చిక్ మని గాజుల చప్పుడు. ఒకటి దగ్గర ఖాళీ, రెండు దగ్గర అత్తయ్య. మూడు దగ్గర ఖాళీ, నాలుగు దగ్గర అత్తయ్య. లేని పాటకి ఆవిడ ఒక్కరూ కూర్చుని తాళం వేస్తున్నారు. కాసేపటికి చిన్న దగ్గు. తర్వాత, ఆ రోజు స్టేజీ మీద నాకు వినపడే అవకాశమే లేని గొణుగుడు: "తొందరపడకే పిల్లా... అందుతుందిలే."

ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అందుకున్నాను. అదే ఆఖరి పాట. ఆ గాజుల వెనకాలే, ఆవిడ చెప్పినట్టే, తీరిగ్గా పాడాను. కీబోర్డు అబ్బాయి కళ్ళజోడు తీసేసి తల వంచుకున్నాడు. ఇంతలో కుర్చీ కిర్రుమంది. లేచారు. గాజులు ఆగలేదు. ఆవిడ చేతితో పాటే ఊగుతూ, ఆ రెండూ ఆ నాలుగూ తప్పకుండా, తలుపు వైపు నడుస్తున్నాయి. పలచబడుతున్నాయి.

చెయ్యి చాపి నేను ఆపేశాను.

"ఏమైందక్కా? ఇంకా ఉంది" అన్నాడు అతను.

"ఉండనీ" అన్నాను.