దాఖలు పత్రంలో లేని లోడింగ్

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, ప్రభుత్వరంగ బీమా కంపెనీ మదనపల్లె బ్రాంచికి మేనేజరుగా చేరాను. పుంగనూరు, కుప్పం కూడా మా పరిధిలోనే ఉండేవి. అప్పటికి నా భార్య పోయి నెల కాలేదు. వచ్చిన ఉత్తర్వును వచ్చినట్టే అమలు చేస్తూ పోయాను. ఆమె పోవడాన్ని సమర్థనగా రాయడం లేదు.

వైద్యంలో పొరపాటు జరిగిందని రోగి కేసు వేస్తే ఖర్చు, పరిహారం భరించే పాలసీ డాక్టర్లకు ఉంటుంది. దాని రేట్లను కంపెనీ ముందుగా ప్రభుత్వ నియంత్రణ సంస్థ దగ్గర దాఖలు చేయాలి. మళ్లీ దాఖలు చేయకుండా ఏ ఆఫీసూ ఆ రేటును పెంచకూడదు, తగ్గించకూడదు. నేను చేరిన నెలలోనే పై ఆఫీసు సర్క్యులర్ వచ్చింది. కాన్పులు చేసే డాక్టర్ల దగ్గర ప్రీమియంలో సగం అదనంగా, అంటే లోడింగ్, వసూలు చేయమని. కుప్పంలో చిన్న నర్సింగ్ హోమ్ నడిపే డాక్టర్ వెంకటప్ప అంత కట్టలేనని, ఇకపై కాన్పులు చేయనని రాసిచ్చి, పాత ప్రీమియానికే, కాన్పులు చేర్చని పాలసీ తీసుకున్నాడు. ఏప్రిల్ చివర్లోనే నేను సంతకం పెట్టాను.

జూన్‌లో పుంగనూరు డాక్టర్ గ్రేసమ్మ వచ్చారు. అరవై దాటిన మనిషి. ఆమె పాలసీకి అదే ఆఖరి రోజు. ఈ పాలసీ ఒక్క రోజు తెగినా, పదకొండేళ్లుగా ఆమె చేసిన కాన్పులన్నిటికీ రక్షణ పోతుంది. కేసులు ఏళ్ల తర్వాత కూడా వస్తాయి. లోడింగ్ సంగతి చెప్పాను.

"ఈ రేటు ఎవురు పెట్టినారప్పా?"

పై ఆఫీసు సర్క్యులర్ చూపించాను.

"ఇది గాదు. సర్కారు దగ్గర పెట్టిన కాయితం ఉంటాది గదా, అది సూపించు. బిడ్డ అడ్డం తిరిగిందని ఎవురో చెప్తే నేను కత్తి పడతానా? నా చెయ్యి పెట్టి సూస్తాను."

ఫైలు తెప్పించాను. దాఖలు పత్రంలో కాన్పులకు లోడింగ్ లేదు. డివిజన్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, పాలసీ ఆపండి, రేపు చూద్దాం అన్నారు. టైము మూడున్నర. నాలుగుకు క్యాష్ కౌంటర్ మూస్తారు. ప్రీమియం అందనిదే బీమా మొదలు కాదు.

"రేపటికైతే నా లేబర్ రూముకు బీగం ఏసుకోవల్సిందే. ఏమప్పా, నువ్వొచ్చి ఏస్తావా, నన్నే ఏసుకోమంటావా?" అన్నారామె.

దాఖలైన రేటుకే చెక్కు తీసుకున్నాం. కారణం నోట్‌లో రాసి, నా సంతకంతో పాలసీ ఇచ్చాను. నాలుగుకు ఇంకా ఐదు నిమిషాలు ఉన్నాయి.

వారంలో డివిజన్ ఆఫీసు నుంచి మెమో వచ్చింది. సంజాయిషీతో పాటు దాఖలు పత్రం నకలు జతచేశాను. రెండు నెలలకు సర్క్యులర్ వెనక్కి తీసుకున్నారు. వసూలైన లోడింగ్ తిరిగి ఇచ్చేశాం. వెంకటప్పకు ఇవ్వాల్సిన డబ్బు లేదు. కాన్పులు చేర్చిన పాలసీ కాగితాలు పట్టుకుని నేనే కుప్పం వెళ్లాను.

"ఈ కాయితాలు యాల సార్ ఇప్పుడు? కాన్పులు సూసే నర్సమ్మ క్రిష్ణగిరి పొయింది. ఆ రూములో పంటి డాక్టరు ఉండాడు, బాడిగిస్తాండాడు" అని టీ తెప్పించాడు.

గది చూశాను. కాన్పు బల్ల ఉండిన చోట పంటి డాక్టరు కుర్చీ ఉంది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు కాన్పుకు ఎక్కడికి పోతున్నారని అడిగాను. కొందరు రైలెక్కి కర్ణాటకలోని బంగారుపేట పోతున్నారని చెప్పాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, దాఖలు పత్రం ఎదురుగా పెట్టుకోకుండా ఏ పాలసీ మీదా సంతకం చేయలేదు. ఆ పత్రం ఏప్రిల్‌లోనూ మా బీరువాలోనే ఉంది.