మరియమ్మ భుజం మీద చెయ్యి

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న చిన్న చర్చి గోడ మీద బొమ్మ వేయడానికి గుంటూరు నుంచి వెళ్లాను. సిలువ మీంచి దింపిన కొడుకును ఒడిలో పెట్టుకున్న మరియమ్మ బొమ్మ. నోరు మూసి, కళ్లు వాల్చి వేశాను. ఒక్క కన్నీటి చుక్క కూడా పెట్టలేదు. మౌనాన్ని మించిన దుఃఖం లేదని నా నమ్మకం. ముఖం బాగా కుదిరింది కూడా.

రంగు ఇంకా ఆరలేదు. చర్చి ఊడ్చే ముసలమ్మ కోటమ్మ వచ్చి చాలాసేపు చూసింది.

"గీమె ఒక్కతే కూసున్నదేంది సారూ? అమ్మలక్కలు ఎవ్వరు రాలేదా?"

"ఈ బొమ్మలో తల్లీ కొడుకూ ఇద్దరే ఉంటారమ్మా."

"గట్లెట్ల? పక్కన మనిషి లేకుంటే ఏడుపెట్లొస్తది?"

అక్కడ చావింటికి వెళ్లిన ఆడవాళ్లు పోయినవాడి తల్లి మెడ పట్టుకుని, వాడి గుణాలు చెబుతూ రాగం తీసి ఏడుస్తారట. నేను నా బొమ్మను సమర్థించుకుంటుండగానే కోటమ్మ గోడ పక్కన కూలబడి, మరియమ్మ భుజం మీద చెయ్యేసింది.

"ఓ బిడ్డో, నీకెంత కడుపుకోత వచ్చెనే!" అని శోకం అందుకుంది.

చెయ్యి తీసేసరికి భుజం మీదికి జారిన నీలిరంగు ముసుగు మీద ఐదు వేళ్లూ అచ్చుపడ్డాయి.

"అయ్యో, ఖరాబు జేస్తినా సారూ? జల్దీ సరిజెయ్యుండ్రి," అంది కంగారుగా.

కుంచె రంగులో ముంచి, మరియమ్మ ముఖం చూసి ఆగిపోయాను. ఆ ముఖంలో నేను ఒక్క గీత కూడా మార్చలేదు. అయినా ఇప్పుడామె ఏడవబోతున్నట్టుంది.