మగ్గం గుంతకు బదులు ఎర్ర గచ్చు

ధర్మవరంలో మగ్గం గుంత లేకుండా ఇల్లు కట్టించుకున్న నేతగాడు ఒకే ఒక్కడు. అతని గురించి మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు, అదీ అతని ఎదురుగానే. ఆ మహానుభావుణ్ణి నేనే. నవ్వదలచినవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.

గుంత సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. మా మగ్గం నేల మీద ఉంటుంది, నేసేవాడి కాళ్లు నేలలో ఉంటాయి. గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, అడుగునున్న తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేయాలి. గుంత లేకపోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే చీర లేదు, చీర లేకపోతే పొయ్యి మీద ఎసరు లేదు. ఇది మా వీధిలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. నాకే తెలియలేదు, ఎందుకంటే నాకప్పుడే పెళ్లయింది.

అరవైల మొదట్లో రైలుకట్ట అవతల ఒక కంట్రాక్టరు నేతవాళ్ల కోసం వరసగా ఇళ్లు కడుతున్నాడు. అన్నీ ఒకే అచ్చు. నాలుగు గోడలు, బండల మిద్దె, ఒక తలుపు, ఒక కిటికీ. అంతకు మించి ఏం కావాలన్నా పైపని కింద లెక్క, దానికి దుడ్లు వేరే. ఉయ్యాల కొక్కేలు, రంగుటద్దాల కిటికీ, గోడలో కమాను గూళ్లు, అద్దంలా మెరిసే ఎర్ర గచ్చు, చివరగా మగ్గం గుంత. మాకు ఒక్క పైపనికి మించి స్తోమత లేదు.

మా నాయన నాతో ఒకే మాట అన్నాడు. "ఇల్లు నీది, నీ పెండ్లాముది. నీకు నచ్చినట్ల కట్టించుకో. నాకు మగ్గం ఏసుకునేంత చోటుంటే చాలు. గృహప్రవేశం దాకా నేనాడికి రాను." అన్నాడంటే రాడు. ఆ పట్టుదలే మా కొంప ముంచింది.

ఇక ఎర్ర గచ్చు గొడవేమిటంటే, మా ఆవిడ రత్నమ్మది హిందూపురం. మాఘంలో వాళ్లింట్లోనే పెళ్లయింది. పీటల మీద కూర్చుని తల వంచితే కింద నేల ఎర్రగా, నున్నగా మెరుస్తూ, అందులో నా ముఖం, బాసికంతో సహా కనిపించింది. ముహూర్తం సమయంలో అందరూ పెళ్లికూతుర్ని చూస్తుంటే నేను గచ్చును చూశాను. ఇలాంటి నేల మీద నడిచిన పిల్ల మా మట్టి నేల మీద ఎలా అడుగు పెడుతుందో అని గుండె చెరువైంది. శ్రావణంలో ఆమె కాపురానికి వచ్చేసరికి కొత్త ఇంట్లో అదే గచ్చు పరిచి, ఆమె కళ్లు చెదరగొట్టాలని నిశ్చయించుకున్నాను. ముందుగా ఆమెను ఒక్క మాట అడగవచ్చు కదా అని మీకనిపిస్తోంది. ఆ తెలివి నాకుంటే మీకీ కథ ఉండేది కాదు.

పనులు చూసే మేస్త్రీ హనుమంతప్పది పెనుకొండ. ఇళ్ల వాళ్లందరినీ నిలబెట్టి ఎవరికేం కావాలో అడుగుతూ వచ్చాడు. అందరూ గుంత, గుంత, గుంత అన్నారు. వాళ్లను చూసి జాలిపడ్డాను.

"నీకేం చేయాలప్పా?"

"ఎర్ర గచ్చు."

"గుంత?"

"వద్దు."

"నువ్వు నేసేవాడివే కదప్పా?"

"గుంతదేముందన్నా, నేనే తవ్వుకుంటా. గడ్డపార ఉండాది ఇంట్లో."

హనుమంతప్ప మడమతో నేలను తన్ని చూపించాడు. "దీని కింద ఉండేది మన్ను కాదు, రాతి గుండు. గోడలు లేయకముందే మందు పెట్టి పేల్చాల. మిద్దె పడినాక పేలిస్తే నీ మిద్దెను మా పెనుకొండలో ఎతుక్కోవాల్సొస్తాది."

"మేస్త్రీలు ఇట్లనే బెదిరిస్తారులే," అన్నాను, ఆరు ఇళ్లు కట్టించి అమ్మినవాడిలాగా.

శ్రావణం వచ్చింది. ఇల్లు తయారైంది. గచ్చు నిజంగానే హిందూపురం గచ్చును తలదన్నింది. గృహప్రవేశం నాడు మా మేనత్త పసుపునీళ్ల చెంబుతో గడప దాటి, ఒక్క అడుగు కూడా వేయకుండా పొయ్యి మూల దాకా చేరుకుంది. చెంబులో నీళ్లు మాత్రం దారిపొడవునా ఉండిపోయాయి. వెనకాలే వచ్చిన పురోహితుడు గోడ పట్టుకుని మంత్రాలు చదివాడు. రత్నమ్మ లోపలికి వచ్చి నేలను చాలాసేపు చూసింది. ఆనందంతో నోట మాట రాలేదనుకుని పొంగిపోయాను.

మా నాయన కూడా నేలను చూశాడు. ఆయనకు మాట వచ్చింది.

"మగ్గం యాడ ఏసేది?"

"ఈడే నాయనా, కిటికీ కింద. ఎలుతురు బాగా వస్తాది."

"గుంత యాడ?"

"రేపు తవ్వుతా."

ఆయన వంగి, వేలి కణుపుతో గచ్చు మీద టకటక కొట్టి, నా ముఖంలోకి చూశాడు. నన్ను బడి మాన్పించిన రోజున కూడా ఆయన అలా చూడలేదు.

తెల్లారి గడ్డపార ఎత్తాను. మొదటి దెబ్బకు గచ్చు పెచ్చు లేచింది. రెండో దెబ్బకు నిప్పురవ్వ లేచింది. మూడో దెబ్బకు గడ్డపార ఎగిరివచ్చి నా భుజం మీద వాలింది. చప్పుడుకు వీధి వీధంతా కిటికీ దగ్గర చేరింది.

"ఏమబ్బా, నీళ్లు పడతాండాయా?" అని ఒకరు.

"బాయి తవ్వేదైతే పెరట్లో తవ్వాల గానీ నట్టింట్లోనా?" అని ఇంకొకరు.

హనుమంతప్ప కూడా వచ్చాడు. "మందు పెట్టమంటావా అప్పా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

ఇంతలో మాకు నేత పని ఇచ్చే షావుకారు దిగాడు. కార్తీకంలో ఆయన కూతురి పెళ్లి. ముహూర్తం చీర మా నాయన చేతి నేతే కావాలని పట్టు, జరీ ముందే ఇచ్చి ఉన్నాడు. పాత అద్దె ఇల్లు మేము ఖాళీ చేసేశాం. అక్కడి గుంతలో అప్పటికే ఇంకొకరి కాళ్లున్నాయి.

"పడుగు మగ్గమెక్కిందా?" అన్నాడు షావుకారు.

"ఎక్కుతాంది," అన్నాను.

ఆయన ఎర్ర గచ్చును, పెచ్చును, గడ్డపారను వరసగా చూశాడు. "వారం చూస్తా. కాకుంటే పట్టు ఎనక్కి ఇచ్చేయండి, ఇంకొకరికిస్తా," అని, జారకుండా గోడ పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ పట్టు పోతే ఆ ఒక్క చీరే కాదు, ఏడాది పొడుగునా మాకు పని ఇచ్చే ఇల్లు పోయినట్టే. నాకు ఏడుపొచ్చింది. అబద్ధం చెప్పను, వచ్చింది.

మా నాయన మాత్రం గచ్చు మీద బాసిపట్లు వేసుకుని, వక్కాకు నమిలి, తీరిగ్గా ఒక మాట అన్నాడు. "కిందికి పోలేకుంటే పైకి పోదాం."

మర్నాడు ఎడ్లబండ్లలో రాళ్లు వచ్చాయి, ఎర్రమన్ను వచ్చింది. గది సగం దాకా నడుమెత్తు దిబ్బ వేసి, మధ్యలో కాళ్లకు సందు వదిలి, మన్ను తడిపి దిమ్మిస కొట్టాం. మిగతా సగంలో దిబ్బ ఎక్కడానికి మెట్లు కట్టి, జారకుండా అక్కడ కూడా మన్ను పరిచాం. మా మగ్గం సింహాసనమెక్కింది. ధర్మవరంలో అందరూ గుంతలోకి దిగి నేస్తుంటే మేం మెట్లెక్కి నేశాం. మా నాయన పొడగరి, నేనూ ఆయన పోలికే. నేత ముగించి లేచిన ప్రతిసారీ దూలం ఆయన నెత్తి మీద మొట్టేది. "స్వర్గం శానా దగ్గరికి తెచ్చినావురా," అనేవాడు తల రుద్దుకుంటూ.

చీర మాత్రం వేళకే దిగింది. షావుకారు దాన్ని ఎండలో విప్పి చూసి, ఇంకో పడుగుకు పట్టు ఇచ్చాడు. ఆ రోజు నా కడుపు నిండింది.

ఇంటికొచ్చేసరికి రత్నమ్మ దిబ్బ మీద పేడనీళ్లతో అలుకుతూ కూనిరాగం తీస్తోంది. ఆమె అంత హుషారుగా ఉండటం నేను అప్పటిదాకా చూడలేదు. నాకు ప్రాణం చివుక్కుమంది.

"నీ కోసరమని ఎర్ర గచ్చు ఏయిస్తి. ఒక నెలన్నా నడవకుండానే మన్ను కింద పాయె," అన్నాను.

ఆమె చెయ్యి ఆపింది. "నా కోసరమా?"

"మరి? మీ హిందూపురంలో ఉండేది అదే కదా."

"ఉండాది. దాన్ని పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చోని టెంకాయ పీచుతో తోమేది ఎవరనుకున్నావు? మా వదినకు నడుం నొప్పి, మా అమ్మకు ఆయాసం. నేనే." చీర కుచ్చెళ్లు కొంచెం ఎత్తి, కాయలు కాసిన మోకాళ్లు చూపించింది. "మీ సంబంధం వచ్చినప్పుడు పిల్లోడు నచ్చినాడా అని మా నాయన అడిగినాడు. వాళ్లింట్లో నేల ఏం నేల అని నేనడిగినా. మన్ను నేల అన్నారు. అయితే సరే అన్నా."

నేను మెట్లెక్కి ఆమె పక్కకు చేరి, తల వంచుకుని నిలబడ్డాను. నా క్రాపు చూసి, నా పట్టుపంచె చూసి ఒప్పుకుందని అప్పటిదాకా నా నమ్మకం.

"గృహప్రవేశం నాడు అంత సేపు చూస్తివే, మరి ఆ పొద్దే ఎందుకు చెప్పల్యా?"

"ఏడుపొచ్చె. కొత్త కోడలు ఏడిస్తే బాగుండదని నోరు మూసుకోని సుమ్నే ఉంటి," అని మళ్లీ అలకడం మొదలుపెట్టింది.

ఆ దిబ్బ మీద నిలబడి, కింద సమాధి అయిన ఎర్ర గచ్చు సాక్షిగా, మా ఇంటి దేవత చౌడేశ్వరమ్మ సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇంటికి ఏది కొన్నా, చీపురుకట్ట అయినా సరే, ఆ ఇంట్లో కాళ్లు పెట్టేవాళ్లనూ, దాన్ని ఊడ్చేవాళ్లనూ ముందుగా అడిగే కొంటానని. అంత గొప్ప మాట అన్నాక తల ఎత్తుకు నిలబడాలనిపించింది.

ఎత్తాను. దూలం మొట్టింది.