గొట్టంలో మిగిలిన సీసం

మా మేనమామ పోయిన సంగతి అత్తయ్య ఫోనులో చెప్పింది. "మీ మామ లేడు బిడ్డా. చాయ్ పెట్టమన్నడు. తెచ్చేలోపల్నే పాణం పోయింది." వనపర్తిలో బస్సెక్కి గద్వాల చేరేదాకా నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎవరేం చెప్పినా ఊరికే నమ్మొద్దని నేర్పింది ఆయనే.

పోలీసుశాఖలో తుపాకులు బాగుచేసే పని చేసి రిటైరయ్యాక, గద్వాలలో లైసెన్సున్న ఒక తుపాకుల మరమ్మతు దుకాణంలో కూర్చునేవాడు. అనుమానం ఆయన స్వభావం. తుపాకీ ఖాళీదేనని యజమాని ఒట్టు పెట్టినా తెరిచి, వేలితో తడిమి చూసేవాడు. "నోరు మర్చిపోతది, వేలు మర్చిపోదు" అనేవాడు. అత్తయ్య కట్టేసిన గ్యాసును కూడా మళ్లీ వెళ్లి చూసేవాడు. "నా మీద జరంత నమ్మకం లేదా?" అని ఆమె కస్సుమనేది. దుకాణం నుంచి రాగానే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోనిదే నా పిల్లలను ముట్టేవాడు కాదు. చేతులకు సీసం పొడి అంటి ఉంటుందని భయం.

ఒకసారి ఎన్నికల ముందు వాళ్లింటికి వచ్చి ఉన్నప్పుడు, మామయ్యకు అన్నం గిన్నె పట్టుకుని దుకాణానికి వెళ్లాను. వడ్డేపల్లి దిక్కు నుంచి ఒక ఆసామి రివాల్వరు తెచ్చాడు.

"ఓట్లయ్యేదాక ఠాణాల జమ చెయ్యాలె సాబ్. జర సాఫ్ చేసియ్యి."

"పేల్చినవా?"

"ఏడికెల్లి! పోయినసారి నువ్వు సాఫ్ చేసిచ్చినంక పెట్టెలకెళ్లి తియ్యనే లేదు."

మామయ్య తూటాలు లేవని చూసుకుని, గొట్టం కింద తెల్లకాగితం పెట్టి వెలుతురుకు ఎత్తాడు. గుడ్డ దూర్చి తీశాడు. మసి గుడ్డకు అంటుకుంది. గొట్టం లోపలి గాడుల్లో బూడిదరంగు చారలు మాత్రం అలాగే ఉన్నాయి. రాగి పీచు చుట్టిన బ్రష్షు చేతిలోకి తీసుకుని, ఆగిపోయాడు.

"గిది సీసం. నేనిచ్చిననాడు లేకుండె. తూటా పోకుంటే ఏడికెల్లి వచ్చింది?"

"తోముడు నీ పని. అడుగుడు నీ పని కాదు."

"అయితే తోమను."

బ్రష్షు పక్కన పెట్టి, అతని ఎదుటే ఠాణాకు ఫోను చేశాడు. పోలీసులు వచ్చేదాకా రివాల్వరు మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆసామి నా ముఖం కూడా గుర్తుపెట్టుకుంటున్నట్టు చూశాడు.

తర్వాత తెలిసింది. అతని చేనులో విత్తనాల కోసం సీడు పత్తి వేసిన కౌలురైతు, పంట తీయకముందే ఖాళీ చేయనన్నందుకు, ఆసామి ఆ రైతు కాళ్ల దగ్గర పేల్చి బెదిరించాడట. ఆ రైతు ఫిర్యాదు చేస్తే, పటాకుల చప్పుడై ఉంటుందని పోలీసులు కొట్టిపారేశారట. గొట్టంలోని సీసం చూశాక కేసు రాయక తప్పలేదు. రివాల్వరు పోయింది, లైసెన్సూ పోయింది. రైతు పంట తీసుకున్నాడు.

ఆ తర్వాత చాలాకాలం ఇంటిముందు ఏ బండి ఆగినా అత్తయ్య ఉలిక్కిపడేది. "నీకెందుకయ్యా గీ పరేషాన్?" అంటే, "సీసం తోమితే పోతుండె. అనుమానం ఎట్ల పోతది?" అనేవాడు.

పాడె లేపేటప్పుడు ముందువైపు ఒక కొత్తమనిషి భుజం పెట్టాడు. మావాళ్లు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు మా అన్న.

"వడ్డేపల్లి కౌలుదారును. సారును ఎన్నడూ చూడలే" అన్నాడు.

దారిలో భుజం మార్చుకుంటామని ఎందరు చేతులు చాచినా, పత్తికాయల ముళ్లు గీరిన ఆ వేళ్లు వెదురును వదల్లేదు.