మానినవాళ్ల పేర్లు

ముప్పై ఎనిమిదేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ఎవరైనా జఫర్‌గఢ్ పేరెత్తితే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. మా ఆవిడ రక్తపోటు అనుకుంటుంది. కాదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. హైదరాబాదులో మనస్తత్వశాస్త్రం చదువుతున్నాను. పల్లెల్లో పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు కల్లు ఎవరి సావాసంలో మొదలుపెడతారు, ఆ తాగుడు వాళ్ల స్నేహాలను ఎలా మలుస్తుంది అని తెలుసుకోవడానికి జఫర్‌గఢ్ దగ్గరి ఒక ఊరికి వెళ్లాను. సాయుధ పోరాటం నడుస్తున్న రోజులు. దాన్ని అణచడానికి వచ్చిన జవాన్ల క్యాంపు ఊరి బయట ఉండేది. నా బస ఊరి పటేలు ఇంట్లో; క్యాంపు వాళ్లు ఆయన దగ్గరికి వచ్చిపోయేవారు. చెప్పింది ఎవరికీ చెప్పనని మాటిచ్చాకే ప్రతి కుర్రాణ్నీ అడిగేవాణ్ని. వాళ్లు నమ్మారు.

మూడో వారానికి ఒక సంగతి దొరికింది. పది మంది కుర్రాళ్లు కల్లు మానేశారు. పోరాటం నడిపే సంఘం వాళ్లు వద్దన్నారట. సావాసం తాగుడు నేర్పుతుందని అందరూ అంటారు, సావాసమే మానిపిస్తుందని నా కాగితాల్లో ఉంది. ఆ పొంగులో మధ్యాహ్నం భోజనం దగ్గర పటేలుతో చెప్పేశాను. ఆయన అన్నం కలుపుతూ, మానినవాళ్లు ఎవరెవరని మామూలుగా అడిగాడు. చెప్పాను. అమాయకత్వమా? ఇన్నేళ్లూ ఆ మాటతోనే నన్ను నేను జోకొట్టుకున్నాను. కానీ మూడో పేరు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. చూశాను. చూసి కూడా తక్కినవి చెప్పాను, ఎందుకంటే ఒక పెద్దమనిషి అంత శ్రద్ధగా వింటుంటే నాకు బాగుంది.

పదకొండో పేరు కూడా చెప్పాను. కొమురయ్య. పదహారేళ్లవాడు. సంఘంతో అతనికి సంబంధమే లేదు, కామెర్లు వచ్చి మానాడు. నాకు తెలుసు. సంఖ్య పెద్దగా కనబడాలని కలిపాను.

మర్నాడు జవాన్లు వచ్చి పదకొండు మందినీ క్యాంపుకు పట్టుకుపోయారు. సాయంత్రం కొమురయ్య అక్క లచ్చవ్వ నా దగ్గరకు వచ్చింది.

"సారూ, మా తమ్ముడు కామెర్లకు మానిండని నీ కాయితంల ఉన్నది గద. జర క్యాంపుల చెప్పు. సదువుకున్నోని మాట ఇంటరు."

"ఎవరేం చెప్పారో బయటపెట్టనని మాటిచ్చానమ్మా" అన్నాను.

"మాట తప్పమంటలేను సారూ. పట్టుకపోతుంటె వాడే అన్నడు, సారునడుగు అని."

రేపు చూద్దామన్నాను. పొద్దున్నే జనగామలో రైలెక్కాను.

క్యాంపులో నోరు విప్పితే నన్నూ సంఘం మనిషనుకుంటారని భయం. అదొక్కటేనా? పేర్లు ఎవరు చెప్పారో లచ్చవ్వ ముందు బయటపడుతుందని అంతకన్నా భయం. అప్పటికే తప్పిన మాటను అడ్డం పెట్టుకుని దాక్కున్నాను.

తర్వాతి సంగతులు ఆ ఊరి బడిపంతులు ఉత్తరంలో తెలిశాయి. పట్టుకుపోయినవాళ్లను బాగా కొట్టి నెల తర్వాత వదిలారట. తాగకపోతే సంఘం మనిషనుకుంటారని అప్పటి నుంచి ఊళ్లో కుర్రాళ్లంతా నలుగురికీ కనబడేలా కల్లు తాగుతున్నారట. కొమురయ్య కూడా తాగాడు, ఆ ఒంటితో. ఎండాకాలం దాటలేదు.

ఉత్తరం చించేశాను. సావాసం తాగుడు మానిపిస్తుందన్న నా పుస్తకం అచ్చయింది, పేరొచ్చింది. భయం మళ్లీ తాగిస్తుందన్న సంగతి అందులో లేదు. రాస్తే, ఆ భయం ఎలా పుట్టిందని ఎవరైనా అడుగుతారు కదా.

క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. లచ్చవ్వ బతికే ఉండవచ్చు. వెతకలేదు. సారు మాట మీద నిలబడ్డాడని ఆమె ఇప్పటికీ అనుకుంటోందేమో అన్న ఆలోచన వస్తే కూర్చున్నచోట కూర్చోలేను.

ఇప్పుడు మీకు తెలుసు. నాకొక్కడికే తెలిసినప్పుడు ఉన్నంత బరువు, రాస్తున్న ఈ కాసేపు లేదు.