చీర చెంగు పరీక్ష

ఇంట్లో ఏ వస్తువు కనబడినా ‘ఇది చేపలకు గుచ్చుకుంటుందా?’ అని ఆలోచించే మనిషి ముత్తుకూరు మొత్తానికి కాంపౌండరు యెహోషువ ఒక్కడే. ఆ ఒక్కడూ తనకే మొగుడు కావాలా అన్నది ఎలిశబెతమ్మ బాధ.

అరవై ఒకటిలో ఆసుపత్రివాళ్లు పారేసిన మందుల బీరువా అద్దాలు తెచ్చి, లప్పం పెట్టి అతికించి, ఆయన ఓ తొట్టి చేశాడు. కాలవలో పట్టిన ఆరు పరిగెలను అందులో వదిలాడు. చేపలను పులుసు పెట్టుకోవడం తప్ప ఇంకో ఉపయోగం ఎరగని ఊరు వచ్చి చూసి, ఇంకా పెరగాలి కాబోలనుకుని వెళ్లిపోయింది. ఆయన మాత్రం వాటికి దాక్కోవడానికి ఇల్లూ వాకిలీ ఉండాలన్నాడు. మర్నాటి నుంచి ఎలిశబెతమ్మ సామాన్లు మాయమవసాగాయి. పూలకుండీ, టీ కప్పు, ఆఖరికి పచ్చడిబండ కూడా తొట్టిలోకి కాపురానికి వెళ్లాయి.

అయితే ఆయన దేన్నీ ఊరికే వేయడు. ముందు ఆవిడ వంటగిన్నెలో గంటసేపు ఉడకబెడతాడు. ఓసారి ఆవిడ కోడిగుడ్డనుకుని గులకరాయిని వలవబోయి గోరు విరగ్గొట్టుకుంది. తర్వాత నిమ్మరసం చుక్క వేస్తాడు. పొంగితే సున్నం ఉన్నట్టు, పనికిరాదు. జాలరి మునెయ్య ముచ్చటపడి శంఖం తెచ్చిస్తే దానిమీదా చుక్క వేశాడు. అది బుసబుస పొంగింది.

“ఇది సముద్రంలో పుట్టిందన్నా. చేపల పక్కనే పెరిగినాది,” అన్నాడు మునెయ్య.

“నా చేపలు కాలవలో పుట్టినాయి. వాటికి పడదు.”

ఖాయమనుకున్న పెళ్లిసంబంధం తప్పిపోయినట్టు మునెయ్య శంఖాన్ని చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

చివరిది చెంగు పరీక్ష. ఎలిశబెతమ్మ కట్టుకున్న చీర చెంగే పట్టుకుని వస్తువు అంచుమీద లాగుతాడు. పోగు లేచిందంటే చేప రెక్క కూడా చిరుగుతుందని లెక్క. ఏడాది తిరక్కుండా ఆవిడకు పోగులు లేవని చీర ఒక్కటీ మిగల్లేదు.

ఆ వానాకాలం ఆవిడ చేయి జారి ఊరగాయ జాడీ పగిలింది. చనిపోయిన తల్లి గుర్తుగా ఇంట్లో ఉన్నదల్లా అదే. ఆవిడ పెంకుల మధ్య కూర్చుని ఏడుస్తుంటే యెహోషువ వచ్చి, పెద్ద పెంకు తీసి, వెలుతురుకు పెట్టి చూశాడు.

“ఉప్పు బాగా పీల్చుకునుంది. నలభై రోజులన్నా నానబెట్టాల,” అన్నాడు.

ఆవిడ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. మాటలూ ఆగిపోయాయి. ఆనాటి నుంచి అన్నం పెట్టడమే తప్ప మొగుడితో పలకలేదు, తొట్టివైపు కన్నెత్తి చూడలేదు. ఆయన సాయంత్రాలు ఆసుపత్రిలోనే ఉండిపోయేవాడు.

క్రిస్మస్ ముందు ఆదివారం గుడికి బయల్దేరుతుంటే ఆయన భుజం మీది పట్టు కండువా ఆవిడ కంటబడింది. పెళ్లినాటిది, ఆయనకున్న ఒకే ఒక్క పట్టుగుడ్డ. ఈ చివర నుంచి ఆ చివరిదాకా పోగులు లేచి, పిల్లి పీకినట్టుంది.

ఆవిడ ఉండబట్టలేకపోయింది. “ఏందయ్యా ఇది?”

“జాడీ అంచులు మా చెడ్డ పదును. సానరాయి మీద ఎంత అరగదీసినా పోగు లేపతానే ఉండె. నిన్నటికి లేపడం నిలిచింది.”

“నా చీరలుండె గదా.”

“మీ అమ్మ జాడీకి నీ చీరలు చెడగొట్టేదేంది,” అంటూ ఆయన తొట్టివైపు చూపించాడు.

తెల్లటి ఇసుకలో జాడీ మూతి వాకిలిలా నిలబడి ఉంది. దానిమీది నీలం పువ్వు చెక్కుచెదరలేదు. ఓ పరిగె అందులోంచి దూరి వెళ్లి, బాగుందనుకుందో ఏమో, తిరిగొచ్చి మళ్లీ దూరింది. అమ్మ జాడీ ఇక రోజూ కళ్లెదుటే ఉంటుంది.

గుడిగంట మోగింది. ఆవిడ కదల్లేదు. కట్టుకున్న కొత్త వాయిల్ చీర చెంగు తీసి మొగుడి చేతికిచ్చింది.

“ఆ కండువాకు ఇంకేం తెలస్తది? దీంతో ఒకసారి చూడు.”

ఆయన చెంగును తొట్టి నీళ్లలో ముంచి జాడీ అంచుమీద లాగాడు. పోగు లేవలేదు. ఆ పూట గుళ్లో ఆడవాళ్ల వైపు తడిసి ముద్దయిన చెంగునూ, మగవాళ్ల వైపు పీలికలైన కండువానూ చూసిన పాస్టరుగారు, పాపం ఇంట్లో పెద్ద గొడవే జరిగినట్టుందని, ఆ దంపతులు సమాధానపడాలని ప్రత్యేకంగా ప్రార్థన చేశారు.