ఉరుకుందప్ప మోకాలి వాన

ఎమ్మిగనూరులో గుంట మగ్గం నేసే ఉరుకుందప్పకు రెండు మోకాళ్లున్నా, పేరు తెచ్చిపెట్టింది ఎడమదే. నాలుగేళ్ల కిందట ఓ పొద్దున అది సలిపితే, వీధిలో గంజి పెట్టి ఆరబెట్టిన పడుగు నూలును ఆయన తీయించాడు. గంటలో వాన దంచికొట్టింది. నూలంతా దక్కింది. అంతే, వీధిలో ఎవరు పడుగు పరచాలన్నా ముందు ఆయన అరుగు దగ్గరికి రావలసిందే.

"మామా, మోకాలు ఏమంటాంది?" అని అడుగుతాడు పక్కింటి తిక్కయ్య.

"సలుపుతాంది. ఈ పొద్దు వద్దప్పా."

ఆ పొద్దు చుక్క రాలదు. అయినా ఆయన తగ్గుతాడా? "ఈడ పడకుంటే ఏమి, హాలహర్విలో పడింటాది" అంటాడు. అక్కడా పడకపోతే కర్ణాటకలో పడి ఉంటుంది. ఎక్కడో ఒకచోట వాన పడక మానదు కాబట్టి ఆ మోకాలు ఎన్నడూ తప్పలేదు. తప్పిన రోజులు ఆయన భార్య హంపమ్మకు మాత్రం గుర్తు. ఆ రోజుల్లో మగ్గం ఊరికే ఉండేది మరి.

ఈ ఏడు మోకాలు వాచింది. గుంటలో కూర్చుని కాలితో పలక తొక్కాలంటే ప్రాణం పోతోంది. హంపమ్మ పట్టుబట్టి ఆదోనిలో డాక్టరుకు చూపించింది.

"మూడు నెలలు మాత్రలు ఆపొద్దు. ఆపితే కాలు బిగుసుకుపోతుంది" అన్నాడాయన.

పది రోజులకే నొప్పి పోయింది. మగ్గం మళ్లీ ఆడింది. హంపమ్మకు ప్రాణం లేచివచ్చింది. పదకొండో రోజు, మోకాలు ఏమీ అనలేదని తిక్కయ్య ధైర్యంగా పడుగు పరిచాడు. మబ్బులు కమ్ముకొస్తున్నా ఇద్దరూ తలెత్తి చూడలేదు. మోకాలుండగా ఆకాశంతో పనేమిటి? వాన పడింది. గంజి కారిపోయి నూలు ముద్దయింది.

ఉరుకుందప్పకు తల కొట్టేసినట్టయింది. "సూస్తివా, ఈ మాత్రలు నా మోకాలి నోరు మూయించినాయి!" అంటూ వాటిని కాలువలో పారేశాడు. తిక్కయ్య కూడా అవునవునని తల ఊపాడు.

"వాన సెప్పేకి మబ్బులుండాయి గదయ్యా! పలక తొక్కేకి నీ కాలే గదా ఉండేది" అని హంపమ్మ మొత్తుకుంది. ఎవరు విన్నారు?

ఇప్పుడు గుంటలో హంపమ్మ కూర్చుంటోంది. మడవలేని కాలు చాపుకుని ఆయన అరుగు మీద ఉంటాడు. నొప్పి రోజూ ఉంది, కాబట్టి రోజూ వానే. మొన్న మండుటెండలో తిక్కయ్య పడుగు చుట్టుకుని ఇంటికి పోయాడు.

ఆ సాయంత్రమే హంపమ్మ మోకాలు సలపడం మొదలైంది. ఆమె ఆ సంగతి వీధిలో ఎవరికీ పొక్కనివ్వలేదు. తెల్లారగానే ఆదోని బస్సెక్కింది.